బ్రేకు నట్టు ఎవరి చేతి పని?

డ్రమ్ము బ్రేకు ఒక్కరోజులో చెడేది కాదు. కేబులు తెగడం, రాడ్డు ఊడడం ఎప్పుడో గానీ జరగవు. తొక్కిన ప్రతిసారీ లైనర్ కంటికి కనబడనంతగా అరుగుతుంది. అరిగిన మేరకు షూకూ డ్రమ్ముకూ మధ్య సందు పెరుగుతుంది. ఆ సందు పూడాలంటే పెడల్ ఇంకాస్త కిందికి దిగాలి. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా తెలియదు. నెల కిందటి పెడల్‌నూ ఇవాళ్టి పెడల్‌నూ పక్కపక్కన పెట్టుకుని తొక్కి చూసే వీలు ఎవరికీ లేదు, కాబట్టి కాలు ఆ లోతుకు అలవాటు పడిపోతుంది. బ్రేకు బాగానే ఉందనుకుంటూ మనిషి నడుపుతూనే ఉంటాడు, ఆగే దూరం పెరుగుతూనే ఉంటుంది. డ్రమ్ము బ్రేకులున్న కార్లలో చాలావాటికి ఈ సందును దానంతట అదే సర్దే ఏర్పాటు లోపలే ఉంటుంది. మన మోపెడ్లకూ మామూలు మోటారు సైకిళ్లకూ అది లేదు. వాటికి ఉన్నదల్లా బయట ఒక నట్టు. దాన్ని ఎవరో ఒకరు తిప్పాలి.

ఆ తిప్పవలసింది ఎవరన్నదే ఈ సంవాదం. తాడిమర్రి నుంచి బత్తలపల్లి, ధర్మవరం దిక్కు పోయే రోడ్ల మీద ఈ ప్రశ్నకు చాలా బరువుంది. ధర్మవరం పట్టుచీరల మూటలు, పాల క్యాన్లు, యూరియా బస్తాలు, బడి పిల్లలు, ఆసుపత్రికి పోయే ముసలివాళ్లు, అందరూ అన్నీ రెండు చక్రాల మీదే. 2022 ఏప్రిల్ 4న అనంతపురం నుంచి విడివడిన శ్రీ సత్యసాయి జిల్లాలోనే, పెనుకొండ దగ్గరి ఎర్రమంచిలో, కియా కంపెనీ 2019 నుంచి కార్లు తయారు చేస్తోంది. అదే జిల్లా పల్లెల బతుకు మాత్రం ఏళ్ల కిందట కొన్న టీవీఎస్ ఎక్స్‌ఎల్, స్ప్లెండర్ బండ్ల మీద నడుస్తోంది. ఇక్కడ మాట్లాడే ఇద్దరూ ఊహలోంచి వచ్చినవాళ్లే: ఒకరు రిటైరైన సైన్సు సారు, ఇంకొకరు రోడ్డు పక్క షెడ్డు మెకానిక్. నాది సారు పక్షం. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. అయితే మెకానిక్ అడిగే ప్రశ్నలకు జవాబు దొరికితే తప్ప ఆ పక్షం నిలవదు.

మెకానిక్: సార్, నట్టు తిప్పేది బ్రహ్మవిద్య కాదని నాకూ తెలుసు. షెడ్డుకు వచ్చినోళ్లకు దుడ్లు కూడా అడక్కుండానే తిప్పిస్తా. నా భయం దాని తర్వాతది. నట్టు తిప్పడం వచ్చినోడు అంతటితో ఊరుకోడు. రేపు చక్రం ఊడదీస్తాడు, ఎల్లుండి షూలు తానే వేసుకుంటాడు. వెనక చక్రం విప్పి మళ్లా వేసేటప్పుడు, బ్రేకు ప్యానెల్ తిరక్కుండా పట్టుకునే టార్క్ రాడ్డు ఒకటి ఉంటుంది కదా, దాని బోల్టు బిగించేది మర్చిపోతారు. బిగించినా స్ప్లిట్ పిన్ను వెయ్యరు. బండి మామూలుగానే పోతాంటుంది. గట్టిగా బ్రేకు తొక్కిన నాడు ప్యానెల్ చక్రంతో పాటే తిరిగి, రాడ్డు మెలిపడి, చక్రం పట్టేస్తుంది. ఇంకొకాయనకు లైనర్ అంతా అరిగి నట్టు మర చివరిదాకా వచ్చేసింటుంది. క్యామ్ మీద ఉండే ఆర్మ్‌ను ఊడబీకి, ఒక పన్ను జరిపి, మళ్లా బిగిస్తాడు. పెడల్ పైకొచ్చింది, బ్రేకు బాగైందని సంబరం. లోపల లైనర్ కొత్తదైతే కాలేదు కదా సార్. క్యామ్ తిరగాల్సిన దానికంటే ఎక్కువ తిరిగి అడ్డం పడితే బ్రేకు పట్టిందే గాని వదలదు. కిర్రుమంటాందని డ్రమ్ములోకి ఆయిల్ చుక్క వేసేవాళ్లు కూడా ఉంటారు. ఇవన్నీ ప్రాణం మీదికొచ్చే పనులు. అందుకే అసలు బ్రేకు జోలికే పోవద్దంటాను.

సారు: నువ్వు చెప్పినవాటిలో ఒక్కటి కూడా కాదనను అప్పా. కానీ అవి ఏ పని చేస్తే జరుగుతాయో చూడు. చక్రం విప్పితే, ఆర్మ్ ఊడదీస్తే, డ్రమ్ము లోపలికి వేలు పోనిస్తే జరుగుతాయి. నట్టు తిప్పినందుకు జరిగేది వాటిలో ఒక్కటీ లేదు. నేను గీత గీసేది అక్కడే. డ్రమ్ముకు బయట ఉన్నది బండి నడిపేవాడి పని, లోపల ఉన్నది నీ పని. ఇది నా ఇష్టం కొద్దీ గీసిన గీత కాదు. బయటి పనిలో తప్పు జరిగితే వెనక్కి తిప్పుకోవచ్చు, సరిగ్గా కుదిరిందో లేదో బండి ఎక్కకముందే తేల్చుకోవచ్చు. లోపలి పనికి ఆ రెండు సౌకర్యాలూ లేవు. స్ప్లిట్ పిన్ను లేదన్న సంగతి ప్రమాదం జరిగాకే తెలుస్తుంది.

ఆ బయటి పని ఎంతో చూడు. స్ప్లెండర్ లాంటి బండిని సెంటర్ స్టాండ్ వేసి న్యూట్రల్‌లో పెట్టాలి. పెడల్‌ను చేత్తో నొక్కితే బ్రేకు పట్టేలోపు ఊరికే ఎంత దిగుతోందో చూడాలి. 2 నుంచి 3 సెంటీమీటర్ల ప్లే ఉండాలి. ఎక్కువ దిగితే రాడ్డు చివరి నట్టు బిగించాలి. ఆ నట్టు ముఖం చదునుగా ఉండదు. ఆర్మ్‌కు అడ్డంగా ఉండే గుండ్రటి పిన్ను మీద కూర్చునేట్టు దానికి గాడి ఉంటుంది. అందుకే అరచుట్టుకొకసారి అది చేతికి తెలిసేట్టు సర్దుకుని కూర్చుంటుంది. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. గాడి పిన్ను మీదికి రాకముందే ఆపేస్తే, మొదటి గుంతలో పడగానే నట్టు తనంతట తాను తిరిగి గాడిలో కూర్చుంటుంది, పెట్టిన ప్లే పోయి ఇంకొకటి వస్తుంది. గాడి కూర్చున్నాక చక్రాన్ని చేత్తో తిప్పాలి. లోపల రుద్దుతున్న చప్పుడు వస్తే అరచుట్టు వెనక్కి. చక్రం తేలిగ్గా తిరుగుతూ, పెడల్ నొక్కగానే ఆగిపోవాలి. ఆ తర్వాత వెనక లైటు ఎప్పుడు వెలుగుతోందో చూడాలి, ఎందుకంటే పెడల్ ఎత్తు మారితే స్విచ్చు కూడా సర్దవలసి రావచ్చు. ఇందులో ప్రాణం మీదికొచ్చే మెట్టు ఏదో చెప్పు.

మెకానిక్: ఎక్కువ బిగించేది. మన దిక్కు అందరికీ బ్రేకు షార్పుగా ఉండాల. కాలు పెడితే చక్రం పట్టేయాల. అట్ల బిగించుకుని పోతే షూ ఎప్పుడూ డ్రమ్మును రాసుకుంటానే ఉంటుంది. హబ్బు కాలుతుంది, లైనర్ పైన అద్దం మాదిరి మెరుపొస్తుంది, ఆ మెరుపొచ్చినాక ఎంత తొక్కినా పట్టు ఉండదు. పెట్రోలు తాగుతుంది, ఇంజను లాగడం లేదని మళ్లా నా దగ్గరికే వస్తారు. ఇంకొకటి, చైను. ఇంట్లో చైను బిగించుకుంటారు గాని బ్రేకు సంగతి మర్చిపోతారు. చక్రం వెనక్కి జరిగితే ఆర్మ్ కూడా వెనక్కి పోతుంది. రాడ్డు పొడవు అంతే ఉంటుంది కదా, నట్టు తిప్పకున్నా బ్రేకు బిగుసుకుంటుంది. వాళ్లకు ఆ సంగతే తెలీదు.

సారు: తెలియదు కాబట్టి చెప్పాలి అంటాను నేను. తెలియదు కాబట్టి ముట్టుకోవద్దు అంటావు నువ్వు. మనిద్దరి తేడా అంతే. ఎక్కువ బిగిసిన బ్రేకు దాక్కునే తప్పు కాదు. చక్రం చేత్తో తిప్పితేనే బయటపడుతుంది. అక్కడ దాటిపోయినా, రెండు మూడు కిలోమీటర్లు బ్రేకు పెద్దగా వాడకుండా పోయి ఆపి, హబ్బు దగ్గర చెయ్యి పెడితే సెగ చెబుతుంది. సడలిన బ్రేకుకు అట్లాంటి సెగ లేదు, చప్పుడూ లేదు. అది తనను తాను చెప్పుకోదు. బండి ఆగాల్సిన చోట ఆగకపోతేనే తెలుస్తుంది. యజమాని నట్టు తిప్పితే వచ్చే తప్పు బయటికి కనిపిస్తుంది, ఎవరూ తిప్పకపోతే వచ్చే తప్పు దాగి ఉంటుంది. నేను మొదటిదానికే ఓటేస్తాను.

ఇక్కడ లెక్క ఒకటి చెప్పుకోవాలి. గంటకు 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 11 మీటర్లు. బ్రేకు బాగా పట్టి సెకనుకు సెకనుకు 5 మీటర్ల చొప్పున వేగం తగ్గితే, పట్టిన క్షణం నుంచి బండి దాదాపు 12 మీటర్లలో ఆగుతుంది. పట్టు సడలి ఆ తగ్గుదల 3 మీటర్లకు పడిపోతే 20 మీటర్లు దాటుతుంది. ఆ 8 మీటర్ల తేడాలోనే గొర్రెల మంద ఉంటుంది, బస్సు దిగి రోడ్డు దాటే మనిషి ఉంటాడు. వేగం 60కి పెరిగితే ఆగే దూరం రెండింతలకు పైగా, 2.25 రెట్లవుతుంది. ఎక్స్‌ఎల్ మోపెడ్ సొంత బరువు క్వింటాలు కూడా ఉండదు, దాని మీద ఎక్కే మనిషీ మూటా కలిస్తే బండి బరువును దాటిపోతాయి. ఆ బరువంతటి వేగాన్నీ వేడిగా మార్చుకుని మింగవలసింది అరచేతి వెడల్పు డ్రమ్ములో ఉన్న రెండు షూలు. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచిస్తుంది, అంటే షూల నుంచి దూరం జరుగుతుంది. ముందే సడలి ఉన్న బ్రేకుకు ఆ కాస్త దూరం కూడా తోడైతే పెడల్ అడుగు తగిలినా పట్టు చాలకపోవచ్చు. సర్దుబాటు సరిగ్గా ఉన్న బ్రేకులో దీనికి కొంత ఎడం మిగిలి ఉంటుంది.

మెకానిక్: లెక్క బాగుంది సార్. కానీ ప్రమాదాలు బ్రేకుల వల్ల ఎన్ని జరుగుతాండాయి? పేపర్లో ఎప్పుడు చూసినా అతివేగం అనే రాస్తారు. తాగి నడిపినోడు, రాంగ్ రూట్లో వచ్చినోడు, హెల్మెట్టు లేనోడు. వాళ్లను వదిలేసి ఈ నట్టు మీద ఇంత చర్చ ఎందుకు?

సారు: కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది. అందులో నూటికి 44 మందికి పైగా రెండు చక్రాల బండ్ల మీద ఉన్నవాళ్లే. కారణాల్లో అతివేగానిదే మొదటి స్థానం, చావుల్లో నూటికి 70కి పైగా దాని ఖాతాలోనే రాశారు. నీ మాట నిజమే. కానీ ఆ ఖాతా ఎట్లా రాస్తారో ఆలోచించు. గుద్దిన బండిని చూసి వేగం అని రాస్తారు. డ్రమ్ము విప్పి లైనర్ మందం కొలిచి రాయడం మామూలుగా జరిగే పని కాదు. పైగా అతివేగం అంటే ఏమిటి? ఆగవలసిన చోట ఆగలేనంత వేగం. బ్రేకు బాగున్నప్పుడు 50 మీద ఆగగలిగిన బండి, సడలినప్పుడు 40 మీదే ఆగలేకపోవచ్చు. ఆ 40 కూడా అతివేగమే అయిపోతుంది, నడిపేవాడికి ఆ సంగతి తెలియదు. వేగం సంగతి వదిలేయమని నేను అనడం లేదు. వేగాన్ని అదుపులో పెట్టేది చివరికి ఆ పెడలే కదా అంటున్నాను.

చట్టం కూడా ఈ విషయంలో మెకానిక్‌ను అడగదు, నడిపేవాడినే అడుగుతుంది. 1988 మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ చూడు. బండిలో ఉన్న లోపం వల్ల నడపడం ప్రమాదకరమైతే, ఆ లోపం తెలిసి నడిపినా తప్పే, మామూలు జాగ్రత్తతో కనుక్కోగలిగి ఉండీ కనుక్కోకుండా నడిపినా తప్పే. 2019 సవరణ తర్వాత దానికి 1,500 రూపాయల జరిమానా. ఆ లోపం వల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే మూడు నెలల దాకా జైలు కూడా ఉంది. మామూలు జాగ్రత్త అన్న మాటను ఆ చట్టం యజమాని నెత్తిన పెట్టింది. పెడల్ ఎంత దిగుతోందో చూడడం మామూలు జాగ్రత్త కాకపోతే ఇంకేది అవుతుంది? అందుకే అప్పా, బ్రేకు సర్దడాన్ని నేను రిపేరు కింద లెక్క కట్టను. టైరులో గాలి చూసుకోవడం, పెట్రోలు ఉందో లేదో చూసుకోవడం ఎట్లాగో ఇదీ అట్లాగే, నడపడంలో ఒక భాగం. నడిపే పనిని ఇంకొకరికి అప్పజెప్పి మనం బండెక్కలేం.

ఈ వాదంలో నాకు ముఖ్యమైన మాట ఇదే. రిపేరు అన్నది చెడిపోయాక చేసేది. సర్దుబాటు అన్నది చెడకుండా ఉన్నంతకాలం చేస్తూ ఉండేది. చెడిపోయాకే షెడ్డుకు పోవాలనుకునే మనిషి, చెడకుండా అరుగుతూ పోయే డ్రమ్ము బ్రేకును ఎప్పటికీ షెడ్డుకు తీసుకుపోడు. పోవాల్సిన రోజు ఇదీ అని చెప్పే గుర్తు అతనికి ఎదురుకాదు. మెకానిక్ ఎంత మంచివాడైనా తన ముందుకు రాని బండికి ఏమీ చేయలేడు. పొలం నుంచి ఇంటికి, ఇంటి నుంచి సంతకు రోజూ తిరిగే బండిని రోజూ తొక్కే కాలు ఒక్కటే. కనిపెట్టే అవకాశం దానికే ఉంది. మెకానిక్‌కు ఈ సంగతి తెలియదని కాదు. అతని అభ్యంతరం ఇంకోవైపు నుంచి వస్తుంది.

మెకానిక్: ఒక మాట సార్. బ్రేకు సర్దమని వచ్చిన బండికి నేను నట్టొక్కటే చూస్తానా? చక్రం తిప్పేటప్పుడు టైరు పక్కన బుడిపె కనబడుతుంది, స్పోకు తెగింది కనబడుతుంది, బేరింగు గలగలమంటే వినబడుతుంది. ముందు బ్రేకు కేబులు పోగులు విడిచింటే చేతికి తగులుతుంది. ఆ బండాయన అడగకుండానే నేను ఇవన్నీ చెప్తా. ఇంట్లోనే తిప్పుకుంటే నా దగ్గరికి రాడు, అవన్నీ ఎవరు చూస్తారు? ముందు బ్రేకు సంగతైతే ఇంకా ఘోరం. జారుతుందని భయపడి చాలామంది దాన్ని పట్టనే పట్టరు. వాడక వాడక కేబులు తుప్పు పట్టి బిగుసుకుపోయింటుంది. ఇంటి దగ్గర సర్దుకునేటోడు వెనకదాన్నే సర్దుకుని సరిపెట్టుకుంటాడు.

సారు: నీ మాటల్లో నేను తలవంచే మాట ఇది. అయితే దీనికి మందు ఇంట్లో నట్టు తిప్పడం మానేయమనడంలో లేదు, ఇంటి దగ్గరి చూపును పెంచడంలో ఉంది. చక్రం తిప్పే చెయ్యి ఎవరిదైనా టైరు బుడిపె కళ్ల ముందే ఉంటుంది. చూడాలని తెలియాలి, అంతే. ముందు బ్రేకు సంగతి నువ్వు చెప్పింది మరీ ముఖ్యం. బ్రేకు పట్టగానే బరువంతా ముందు చక్రం మీదికి వంగుతుంది, అందుకే గట్టి రోడ్డు మీద ముందు బ్రేకుదే పెద్ద పని. మట్టి మీద, ఇసుక మీద, మలుపులో దాన్ని గట్టిగా పడితే జారుతుందన్నదీ నిజమే. ఆ భయంతో అసలు వాడకపోతే సగం బ్రేకు పారేసినట్టే. కాబట్టి సర్దుబాటు నేర్పితే రెండింటికీ కలిపే నేర్పాలి. లోపలి సంగతికి వస్తే, ఈ తరహా బండ్లలో చాలావాటికి ఆర్మ్ దగ్గర ఒక బాణం గుర్తు, ప్యానెల్ మీద ఒక గీటు ఉంటాయి. పెడల్ పూర్తిగా నొక్కినప్పుడు బాణం ఆ గీటును చేరితే లైనర్ అయిపోయినట్టు. ఆ రోజు నట్టు ముట్టకూడదు, నీ దగ్గరికి రావాలి. ఆర్మ్ పన్ను జరిపేవాడు చేసే ద్రోహం ఆ హెచ్చరికను పక్కన పెట్టడమే. తన బండికి ఆ బాణం ఎక్కడుందో తెలిసినవాడు ఆ పని చెయ్యడు.

మెకానిక్: ఇంత తంటా ఎందుకు, డిస్కు బ్రేకు బండి కొనుక్కోమనండి. కాలం మారింది.

సారు: డిస్కుకు చల్లబడే గుణం, తడిసినా పట్టే గుణం ఎక్కువ, కాదనను. కానీ డ్రమ్ము కాలం చెల్లిందనడం తప్పు. ఎర్రమంచిలో తయారై 2020లో బజారుకొచ్చిన సోనెట్ కారుకు వెనక చక్రాలకు డ్రమ్ములే పెట్టారు. జర్మనీ ఫోక్స్‌వాగన్ తన ఐడీ 3, ఐడీ 4 కరెంటు కార్లకు వెనక డ్రమ్ములనే ఎంచుకుంది. కరెంటు కారులో వేగం తగ్గించే పని చాలావరకు మోటారే చేస్తుంది, వాడకం తక్కువైన డిస్కు తుప్పు పడుతుంది, మూత ఉన్న డ్రమ్ముకు ఆ బాధ తక్కువ. ఇక మన పాత బండి సంగతి. సొంత బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆ తర్వాత ఐదేళ్లకొకసారి పొడిగింపు. అంటే చట్టమే ఆ బండి ఇరవై ఏళ్లయినా తిరగొచ్చంటోంది. పాతబడిన బండిలో పని కూడా తేలిక. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాకా ఉన్న కొత్త బండ్లకు ముందు వెనక బ్రేకుల్ని కలిపే ఏర్పాటు తప్పనిసరి చేశారు. అది మంచిదే, కానీ అందులో ఒకటి సర్దితే రెండోదాని మీద దాని ప్రభావం ఉంటుంది, పుస్తకంలో చెప్పిన వరస తప్పకూడదు. అంతకు ముందటి బండిలో దేని నట్టు దానిదే. ఇంట్లో నేర్చుకోవడానికి దానంత తేటగా ఉండేది ఇంకొకటి లేదు.

మెకానిక్: సరే సార్, బయటిది మీకు వదిలేస్తా. మరి దుమ్ము? మన ఎర్రమట్టి దుమ్ము డ్రమ్ములో చేరి కిర్రుమంటానే ఉంటుంది. ఏడాదిలో వానలు ఎంత పడతాయి మనకు? సందు ఎంత సన్నగా ఉన్నా అది దూరుతుంది. విప్పి శుభ్రం చేస్తే గాని పోదు. ఇంట్లో సర్దుకునేటోడు ఆ చప్పుడు విని ఊరుకుంటాడా?

సారు: ఊరుకోవాలి. ఈ ఒక్క విషయంలో నీకంటే నేనే ఎక్కువ కఠినంగా ఉంటాను, కారణం ఆ దుమ్ము. అందులో ఉండేది ఎర్రమట్టి ఒక్కటే కాదు, లైనర్ అరిగి రాలిన పొడి కూడా. వేడిని ఓర్చుకుంటుందని బ్రేకు లైనర్లలో దశాబ్దాల పాటు ఆస్బెస్టాస్ నార కలిపారు. దాని సన్నటి పోగులు ఊపిరితిత్తుల్లో చేరితే ఎన్నో ఏళ్ల తర్వాత క్యాన్సర్‌గా బయటపడొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆస్బెస్టాస్ అన్ని రకాల్నీ క్యాన్సర్ కారకాలుగానే చెబుతోంది. మన సుప్రీంకోర్టు 1995లోనే ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రక్షణ గురించి తీర్పు చెప్పింది. పేరున్న కంపెనీల్లో చాలావి ఆస్బెస్టాస్ లేని లైనర్లకు మారాయి, కానీ మన దేశంలో ఆ పదార్థం వాడకం మీద పూర్తి నిషేధం లేదు. పాత బండి డ్రమ్ములో ఉన్న లైనర్ ఏదో, చవగ్గా దొరికిందని వేసిన లైనర్‌లో ఏముందో చూపుతో చెప్పలేం. మూత తెరవగానే నోటితో ఉఫ్‌మని ఊదడం, కంప్రెసర్ గాలి కొట్టడం మనకు అలవాటు. ఇంటి వాకిట్లో పిల్లలు చుట్టూ చేరి చూస్తుండగా ఆ పని చేస్తే పొడి అందరి ఊపిరిలోకీ పోతుంది. ఐరోపా యూనియన్ 2024లో తెచ్చిన యూరో 7 నిబంధనల్లో, పొగకు ఉన్నట్టే బ్రేకు నుంచి రాలే ధూళికి కూడా మొదటిసారి హద్దు పెట్టారు. రోడ్డు మీద గాలిలో కలిసే పొడికే అక్కడ అంత జాగ్రత్త. డ్రమ్ము తన కడుపులో దాచుకున్న పొడిని మనం ముఖం దగ్గర పెట్టుకుని ఊదుతున్నాం.

కాబట్టి నా మాట ఇంటివాళ్లకంటే ముందు నీకు. నువ్వు రోజూ ఎన్నో డ్రమ్ములు విప్పుతావు. ఇంటివాడు తన బండిది ఎప్పుడో ఒకసారి విప్పినా నష్టమే, నీకు జరిగే నష్టం దానికి ఎన్నో రెట్లు. గాలి కొట్టవద్దు. తడిగుడ్డతో తుడువు, ఆ గుడ్డను సంచిలో మూటకట్టి పారెయ్. ముక్కుకు ధూళిని ఆపే మంచి మాస్కు కట్టుకో. నీ దగ్గర పని నేర్చుకునే కుర్రవాడికి అది మొదటి పాఠం కావాలి.

మెకానిక్: ఆ సంగతి మాకు ఎవరూ చెప్పిందే లేదు సార్. పని నేర్పిన మేస్త్రీ కూడా ఊదేవాడే. పది బండ్లు వరసలో నిలబడింటే తడిగుడ్డకు టైము యాడిది అని కూడా అనిపిస్తుంది. టైము తీసుకోవాల, తీసుకుంటే కూలి పెంచాల, పెంచితే పక్క షెడ్డుకు పోతారు. మీరు చెప్పినట్ల నట్టు తిప్పే పని ఇంట్లోనే అయిపోతే, వచ్చేవి షూలు మార్చే బండ్లే. అప్పుడు ఒక్కోదానికి టైము దొరుకుతుందేమో. కానీ సార్, నట్టు కోసం వచ్చినోడే రేపు ఇంజను పనికి కూడా వస్తాడు. ఆ రాకపోకలు తగ్గితే నా పొట్ట మీద దెబ్బ పడదా?

సారు: ఆ భయం న్యాయమైనదే. దుడ్లు అడక్కుండా తిప్పే నట్టు వల్ల నీకు వచ్చేది మనిషి నమ్మకం. తన బండి గురించి కాస్త తెలిసినవాడు ఆ నమ్మకాన్ని తగ్గించుకోడు. వెనక బ్రేకు బాణం గీటు దాకా వచ్చింది, షూలు మార్చాలి అని స్పష్టంగా చెప్పి బండి అప్పజెప్పేవాడితో నీకు పని తేలిక. బ్రేకు ఏదో మాదిరిగా ఉంది, చూడు అనేవాడితో కష్టం. నిజంగా నీ పొట్ట కొట్టేవి వేరే ఉన్నాయి. కంపెనీ సర్వీస్ సెంటర్లో తప్ప విడిభాగం దొరక్కపోవడం, పని చేసే పద్ధతి చెప్పే పుస్తకం బయటివాళ్లకు ఇవ్వకపోవడం. కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో రిపేరు హక్కు పోర్టల్ తెరిచింది. వాహనాలూ వ్యవసాయ యంత్రాలూ అందులో ఉన్నాయి. తన వస్తువును తాను సర్దుకునే హక్కూ, దాన్ని బజారులో నచ్చిన మెకానిక్ చేత బాగుచేయించుకునే హక్కూ ఒకే హక్కు. ఇంటివాడి చెయ్యి స్పానర్ మీదికి పోవడం మానేసిన నాడు, నీ షెడ్డుకు వచ్చే బండ్లు కూడా కంపెనీ వాకిట్లోకే పోతాయి.

మెకానిక్: ఒప్పుకుంటా, ఒక షరతు మీద. ఆటోల సంగతి ఇందులో కలపొద్దు. మూడు చక్రాల ఆటోకు కూడా డ్రమ్ములే, కానీ దాన్ని నడిపేది నూనె. పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్ పైపుల్లో పోయి షూలను తోస్తుంది. పెడల్ మెత్తగా దిగితే లోపల గాలి చేరిందో, సిలిండరు కారుతాందో, నట్టు తిప్పితే తేలేది కాదు. ఆ నూనె గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ చేరింది వేడికి మరిగితే ఆవిరై పెడల్ అడుక్కు పోతుంది. చిన్న పొరపాటుకు నాలుగు పైపులు విప్పి గాలి తియ్యాల్సి వస్తుంది. శెనక్కాయ పీకే పనులప్పుడు ఆ ఆటోల్లో ఎంతమంది కూలోళ్లు కూచుంటారో మీరు చూస్తానే ఉండారు. సొంత బండి మీద తప్పు చేస్తే తన తలకాయ. అక్కడ పదిమంది తల్లుల తలకాయలు.

సారు: ఆటో విషయంలో నీతో వాదం లేదు. కిరాయికి తిరిగే బండికి చట్టం కూడా ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు అడిగేది అందుకే. ఎనిమిదేళ్లు దాటితే అది ఏటేటా కావాలి. అక్కడ డ్రైవరు చేయాల్సింది విప్పడం కాదు, పొద్దున బయల్దేరే ముందు పెడల్ తొక్కి అలాగే అదిమి పట్టుకుని చూడడం. కాలి కింద పెడల్ మెల్లగా దిగిపోతూ ఉంటే, రెండోసారి తొక్కితే గాని పట్టు రాకపోతే, నూనె డబ్బాలో మట్టం గీత కిందికి పోయి ఉంటే, ఆ పూట కూలీలను ఎక్కించుకోకూడదు. బండి నీ షెడ్డుకు రావాలి, ఆ రోజు కిరాయి పోయినా సరే.

మెకానిక్: పోయిన కిరాయి గురించి మీరు వాళ్లకు చెప్పండి సార్. ఆటో పొద్దున ఆరు గంటలకు వచ్చినా నేను షెడ్డు తెరిచే ఉంటా.